నెత్తుటి జాతకం

'ఓ' వర్గం వారు ధైర్యవంతులట, 'ఏ' వర్గం వారు నెమ్మదస్తులట! 1927లో జపానులో ఫురుకావా అనే ఆచార్యుడు మొదలుపెట్టిన ఈ వెర్రి మన వారపత్రికల దాకా వచ్చింది. (రాశిఫలాలు చాలలేదు కాబోలు.) నా బాధల్లా ఒకటే. ఈ సందడిలో రక్తవర్గాలకు నిజంగా ఉన్న కథ మరుగున పడుతోంది.

ఎర్రకణం పైనుండే చక్కెర గొలుసుల్లోని తేడాయే ఏ, బీ, ఓ వర్గాలు. ఫాల్సిపేరం మలేరియాలో పరాన్నజీవి చొరబడిన కణానికి చుట్టుపక్కల మంచి కణాలు గుత్తిగా అతుక్కుని సన్నని రక్తనాళాలను పూడ్చేస్తాయి. ఏ, బీ చక్కెరలు ఆ అతుకుకు ఊతమిస్తాయి. 'ఓ' కణాల మీద అవి లేవు. అందుకే 'ఓ' వారికి మలేరియా రాకపోదు గానీ, ప్రాణాంతకంగా ముదరడం తక్కువ.

అలాగని మురిసిపోనక్కరలేదు. కలరా సోకితే ఎక్కువగా కుంగిపోయేది ఆ 'ఓ' వారే. కలరా తరతరాలుగా తిష్ఠవేసిన గంగా డెల్టాలో 'ఓ' జన్యువు మిగతాచోట్ల కంటే తక్కువగా ఉండడానికి ఆ వ్యాధే కారణమని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ. ఒకచోట కవచమైనది మరొకచోట గండమైతే, ఇక 'మంచి రక్తం' ఏది?

నాదీ 'ఓ' వర్గమే. ధైర్యం సంగతి మా ఇంట్లోవాళ్ళను అడగాలి. నీళ్ళు మాత్రం కాచే తాగుతున్నాను.