పెనుకొండలో తెలుగు బడి

ఇటలీలో పెరూజా అని కొండమీది పాత ఊరొకటి ఉంది. విదేశీయులకు ఇటాలియన్ నేర్పడం అక్కడ 1921లో మొదలై, ఇప్పుడు ఆ పనికే ఒక విశ్వవిద్యాలయం నడుస్తోంది. సియెనాలోనూ అలాంటిదే ఉంది. పొద్దున తరగతి, సాయంత్రం పాత వీధుల్లో తిరుగుడు, రాత్రి ఆ ఊరి వంట. చదువుకోవడానికి వచ్చినవాడు నెలల తరబడి గది అద్దెకు తీసుకుంటాడు, కూరగాయలు బేరమాడతాడు, క్షవరం కూడా అక్కడే చేయించుకుంటాడు. మన లేపాక్షికి వచ్చేవాళ్లు వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి, నంది ముందు ఫొటో దిగి, అదే కారులో బెంగళూరు తిరిగి వెళతారు. పెనుకొండకు ఆ మాత్రం జనం కూడా రారు. 1565లో విజయనగరం కూలాక అరవీటి వంశం రాజధానిగా చేసుకున్న ఊరిది. గగన్‌మహల్, పార్శ్వనాథుడి బస్తీ, బాబయ్య దర్గా, కొండ చుట్టూ కోటగోడలు ఒకే ఊళ్లో ఉన్నాయి. ఈ ఊరికి ఇంకో రిసార్టు కడితే ఒరిగేదేమీ లేదు. పరాయివాళ్లకు తెలుగు నేర్పే బడి ఒకటి కావాలి.

తెలుగు నేర్చుకోవడానికి ఎవరొస్తారని అడుగుతారు. డాంటే కోసం, ఒపెరా కోసం ఇటలీకి వెళ్లినట్టు మన సాహిత్యం కోసం విమానమెక్కి వచ్చేవాళ్లు తక్కువే, ఒప్పుకోవాలి. కానీ వేరే పనిమీద వచ్చి ఇక్కడ ఉంటున్నవాళ్లున్నారు. 2017లో ఒప్పందం కుదిరి, 2019లో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవడం మొదలైంది. కొరియా ఉద్యోగులు వచ్చారు, వాళ్ల వెంట కొరియా వంట హోటళ్లు వచ్చాయి, ఉద్యోగాల కోసం మన కుర్రాళ్లు కొరియా మాటలు నేర్చుకున్నారు. నేర్చుకోవడం మాత్రం ఎక్కువగా ఒకవైపే సాగింది. రెండు మూడేళ్లుండి పోయేవాళ్లకు తెలుగెందుకన్న మాటలో కొంత నిజముంది; ఫ్యాక్టరీలో దుబాసీ ఉంటాడు, ఇంగ్లీషుతో పని జరుగుతుంది. ఇంట్లో ఉండే భార్యకు, పక్కింటి పిల్లలతో ఆడుకోవాలనుకునే బిడ్డకు ఏ దుబాసీ ఉంటాడు? ఇక పుట్టపర్తి పక్కనే ఉంది. ఇటలీతో సహా ఎన్నో దేశాల సత్యసాయి బాబా భక్తులు దశాబ్దాలుగా అక్కడికి వస్తున్నారు, కొందరు నెలల తరబడి ఉంటున్నారు. బెంగళూరు తెలుగు ఇళ్లలో మాట వచ్చి రాత రాని పిల్లలు ఎంతమందో! అమెరికా నుంచి సెలవులకు వచ్చే మనవళ్ల సంగతి సరేసరి.

బడి పెనుకొండలో ఉన్నా పాఠం నాలుగు గోడల మధ్య ఆగనక్కర్లేదు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ బెంగళూరు-గుంతకల్లు రైలు దారిలోనే ఉన్నాయి. ధర్మవరంలో మగ్గం పక్కన కూర్చున్నవాడికి పడుగు, పేక, అంచు, కొంగు అనే మాటలు అర్థం చెప్పకుండానే వస్తాయి. లేపాక్షి పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్ల చీరల అంచులు చూపిస్తే ఆ మాటలే మళ్లీ పలుకుతాడు. హిందూపురం మార్కెట్లో చింతపండును కరిపులి, ఫ్లవర్ అని రకాలుగా విడదీసి ధర కడుతుంటే అంకెలు, బేరం రెండూ ఒకేసారి వంటబడతాయి. సంగటిని ఊరిబిండితో తినడం, పండగనాడు ఓళిగ మీద నెయ్యి వేయించుకోవడం కూడా చదువే. పాఠ్యపుస్తకాలు లేవనడానికీ వీల్లేదు. మైసూరులోని దక్షిణ ప్రాంతీయ భాషా కేంద్రం ఇతర రాష్ట్రాల ఉపాధ్యాయులకు పది నెలల కోర్సుగా తెలుగు నేర్పుతూ వచ్చింది. ఆ అనుభవాన్ని అడిగి తెచ్చుకోవచ్చు.

పండితులు ఇంకో అభ్యంతరం చెబుతారు: ఈ మూల తెలుగులో కన్నడం కలుస్తుంది, ఉర్దూ కలుస్తుంది, ఇది ప్రామాణిక భాష కాదు అని. ఇటలీలో ప్రామాణిక భాషగా నిలిచింది కూడా ఒకప్పటి ఫ్లోరెన్సు ప్రాంతపు పలుకుబడే. అయినా రాత పత్రికల తెలుగులో నేర్పి, మాట ఇక్కడి యాసలో నేర్పితే నష్టమేమిటి? హిందూపురం బజార్లో బతకగలిగిన తెలుగు విజయవాడలోనూ బతుకుతుంది. నిజంగా ఆలోచించాల్సిన అభ్యంతరం డబ్బుది. నీళ్లకే కటకటలాడే జిల్లాలో భాషాబడికి ఖర్చేమిటని అడిగితే తప్పు పట్టలేం. అందుకే కొత్త భవనం వద్దు. పెనుకొండ డిగ్రీ కళాశాలలో సాయంత్రం పూట రెండు గదులు, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం తెలుగు శాఖ నుంచి ఇద్దరు అధ్యాపకులు చాలు. 2011లో సత్యసాయి మరణం తర్వాత గిరాకీ తగ్గిన పుట్టపర్తి గదులు బసకు పనికొస్తాయి. లాభాల్లో రెండు శాతం సమాజానికి ఖర్చుపెట్టాలన్న చట్టం పెద్ద కంపెనీలకు ఎలాగూ ఉంది. అందులో చదువుకూ చోటుంది. ముందు కొరియా కుటుంబాలకు మూడు నెలల కోర్సు పెట్టి, వాళ్లు సంతలో సొంతంగా బేరమాడగలుగుతున్నారో లేదో చూసి, ఆ తర్వాతే బెంగళూరు పిల్లలకు దరఖాస్తులు పిలవాలి.