గురువు విడిచినా, ఆర్గన్ విడువలేదు



ఈ నెల మేము ఫ్రాన్సు దేశపు ఆర్గన్ వాద్యకారిణి జాన్ దెమెస్యో గారిని మీకు పరిచయం చేయగోరుచున్నాము. ఆమె 1921లో మోంపెల్యే పట్టణంలో జన్మించారు. 1933లో, పన్నెండేళ్ళ ప్రాయంలోనే, పారిస్‌లోని పరిశుద్ధాత్మ దేవాలయంలో ఆర్గన్ వాయించే బాధ్యత చేపట్టారు.

పెద్ద ఆర్గన్‌ను చేతులతోనే గాక పాదాలతోనూ వాయించాలి. రెంటికీ కఠిన పరీక్షయైన ఆరు అభ్యాస గీతాలను ఆమె 1944లో రచించారు. ప్రసిద్ధుడైన మార్సెల్ దుప్రే ఆమెకు గురువు. 1946లో పారిస్‌లో ఆమె తొలి కచేరీ ఘనవిజయమైంది. ఆ తరువాత కొద్దికాలానికే గురువు ఆమెతో సంబంధం తెంచుకొన్నారు.

పెంచిన చెయ్యే తోసివేస్తే ఎంత వేదన! అయినను ఆమె క్రుంగిపోలేదు. 1947లో ప్రాచీన ఆరాధన రాగాలపై పన్నెండు గీతాలు కూర్చారు. ఐరోపా, అమెరికాలలో కచేరీలు చేసినా, 1962 వరకు, అనగా 29 ఏండ్లు, ఆ దేవాలయపు కొలువు విడువలేదు. పిమ్మట మడెలీన్ దేవాలయంలో సేవచేస్తూ, 1968లో, 47వ ఏట కన్నుమూశారు.

మన సంఘంలో హార్మోనియం నేర్చుకొనగోరు ఆడబిడ్డను “నీకెందుకమ్మా” అనకుందుము. పెట్టె ముందు కూర్చుండనిత్తుము.