వెనక నడిచే మనిషి

"ఏవైందండీ టీచరు గారూ, ఎవరికైనా బాగోలేదా?"

కాలువ గట్టు మీద నేను పరిగెత్తిన మొదటి రోజు, పాలు పట్టుకెళ్తున్న పెద్దాయన సైకిలు ఆపి అడిగిన మాట ఇది. కోనసీమలోని మా నగరం గ్రామంలో యాభై ఆరేళ్ల ఆడమనిషి పరిగెడితే ముందు కీడే శంకిస్తారు.

1984లో నేను పదో తరగతి. లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో పి.టి. ఉషకు సెకనులో నూరో వంతు తేడాతో కంచు పతకం చేజారింది. ఆడవాళ్లకు మారథాన్ పెట్టిన తొలి ఒలింపిక్స్ కూడా అవే. ఆ ఏడాదంతా బడి మైదానంలో పరిగెత్తాను. తర్వాత మానేశాను. ఎవరూ వద్దనలేదు. పెద్దయ్యాక పరిగెత్తిన ఆడదాన్ని మా ఊళ్లో ఎన్నడూ చూడలేదు, అంతే.

మళ్లీ మొదలైంది అమ్మాయి పురిటికని లండన్ వెళ్లినప్పుడు. ఓ శనివారం ఉదయం అల్లుడు బుషీ పార్కుకు తీసుకెళ్లాడు. 2004 అక్టోబరు 2న 13 మందితో పార్క్‌రన్ పుట్టిన చోటది. వారం వారం ఐదు కిలోమీటర్లు. రుసుము లేదు. పేరు నమోదు చేసుకుంటే వచ్చే బార్‌కోడ్ ఏ దేశపు పార్క్‌రన్‌లోనైనా చెల్లుతుంది. అన్నిటికన్నా నా మనసుకు పట్టింది ఒక్క ఏర్పాటు. అందరికన్నా వెనక ఒక వాలంటీరు నడుస్తారు. ఎంత నెమ్మదిగా వెళ్లినా ఇక ఎవరూ ఆఖరివారు కారు. తొలి శనివారం ఆ వాలంటీరుతో కబుర్లాడుతూ నడిచాను. ఎనిమిదో శనివారం ఎక్కడా ఆగకుండా పరిగెత్తాను.

తిరిగొచ్చాక విశాఖలో తూర్పు నౌకాదళం జరిపే నేవీ మారథాన్‌లో పది కిలోమీటర్లకు పేరిచ్చాను. బీచ్ రోడ్డు మీద ఒక పక్క సముద్రం, మరో పక్క ముక్కూమొహం తెలియని జనం చప్పట్లు. ఎన్నోసార్లు వెళ్లిన విశాఖను ఆ రోజే సరిగ్గా చూశాననిపించింది.

అలా పరిగెత్తే అదృష్టం కోసం ఊరు దాటాలా అన్నదే నా ప్రశ్న. 216 జాతీయ రహదారి మీద లారీల మధ్య పరిగెత్తలేం. గట్టు మీద చూస్తే తుప్పలు, చెత్త. ఇంటింటా షుగరు బిళ్లలు, బీపీ బిళ్లలు. అదే కోనసీమలో ఎత్తుపల్లాలు లేని నేలుంది, కొబ్బరి నీడుంది, కాలువ గాలుంది. ఇంతకన్నా మంచి దారి ఎవరు వేయగలరు?

పంచాయతీ తుప్పలు కొట్టించి, చెత్త ఎత్తిస్తే చాలు. హైస్కూలు డ్రిల్లు మాస్టారు రానూపోనూ ఐదు కిలోమీటర్లు కొలిచి సున్నంతో గుర్తులు పెడితే చాలు. పతకాలు వద్దు, ఫ్లెక్సీలు వద్దు. శనివారం ఉదయం ఆరింటికి రండి. చీరలోనైనా సరే, చెప్పులతోనైనా సరే, నడుస్తూనైనా సరే. అక్కలూ, వదినలూ, పిన్నులూ, మీరు ముందు వెళ్లండి. అందరికన్నా వెనక నేను నడుస్తాను.