శిస్తు ఎవరు కట్టాలి?

కోలారు జిల్లా ముళబాగిలు తాలూకా ఆవని ప్రాంతంలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే పిల్లలు ఉన్నారు. వారికి 'శిస్తు' అనే మాట రెండు చోట్ల రెండు రకాలుగా వినిపిస్తుంది. కన్నడంలో శిస్తు అంటే క్రమశిక్షణ. తెలుగులో భూమికి కట్టే పన్ను. అర్థాలు వేరే. కానీ మన బడుల్లో, హాస్టళ్లలో, సంఘాల్లో జరిగేది చూస్తే రెండూ ఒకటేనేమో అనిపిస్తుంది. పైవాడు వసూలు చేస్తాడు, కిందివాడు కడతాడు.

2023 డిసెంబరులో ఇదే జిల్లా మాలూరు తాలూకాలోని ఒక ప్రభుత్వ వసతి పాఠశాలలో దళిత విద్యార్థుల చేత మరుగుగుంత శుభ్రం చేయించిన సంగతి బయటపడింది. ప్రిన్సిపాల్‌ను అరెస్టు చేశారు. మంచిదే. కానీ ఆ పిల్లలు "మేము దిగం" అని ఎలా అనగలరు? పెద్దలు చెప్పింది ఎదురుమాట లేకుండా చేయడమే క్రమశిక్షణ అని నేర్పింది మనం కాదా?

బడిలో పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 నాటి విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. అయినా సండే స్కూల్లో బెత్తం పట్టుకున్నవారిని మనం ఇంకా "మంచి టీచరు" అంటూనే ఉన్నాం.

క్రమశిక్షణ వద్దని మేము అనడం లేదు. కోలారు బంగారు గనుల్లో, భూమి లోపల, ఒకరి అజాగ్రత్త పదిమంది ప్రాణం తీసేది. తోటివాడి కోసం పాటించే ఆ జాగ్రత్త క్రమశిక్షణే. 1930లో కార్మికుల వేలిముద్రలు తీసుకోబోతే అదే కార్మికులు సమ్మె చేశారు. యజమానులకు అది ధిక్కారం. మాకైతే అదీ క్రమశిక్షణే: అందరూ కలిసి, ఒక్కమాట మీద నిలబడటం.

శిష్యుడు అంటే నేర్చుకునేవాడు. యేసు తన శిష్యులకు నేర్పిన తీరు చూడండి. తువాలు నడుముకు కట్టుకుని తానే వారి కాళ్లు కడిగాడు. తాను చేయని పని వారి మీద పెట్టలేదు.

మరి మన సంఘ క్రమశిక్షణ సంగతేమిటి? కమిటీ లెక్కలు అడిగిన యువకుడిని ప్రభువు బల్లకు దూరం పెడతాం. కట్నం తీసుకున్న పెద్దమనిషిని ముందు వరుసలో కూర్చోబెడతాం. శిస్తు కట్టాల్సింది ఎవరు, కడుతున్నది ఎవరు? యువతీ యువకులారా, వచ్చే సంఘ సమావేశంలో ఈ ప్రశ్న అడగండి. వినయంగానే అడగండి. కానీ జవాబు వచ్చేదాకా కూర్చోకండి.