టికెట్ మీద కనిపించని గంటలు

స్పెయిన్‌లో మాడ్రిడ్ నుంచి బార్సిలోనాకు ఆకాశమార్గాన దాదాపు 500 కిలోమీటర్లు. విమానంలో గంటా ఇరవై నిమిషాలని టికెట్ మీద వేస్తారు. అది విమానం లెక్క. ప్రయాణికుడి లెక్క వేరు.

గంటకు 800 కిలోమీటర్ల వేగంతో ఎగిరితే ఈ దూరానికి నలభై నిమిషాలు చాలు. మిగతా సగం రన్‌వే దాకా మెల్లగా వెళ్లడానికి, తన వంతు కోసం ఆగడానికి, పైకెక్కి దిగడానికి, మళ్లీ గేటు చేరడానికి పోతుంది. గేటు వదిలిన క్షణం నుంచి గేటు చేరేదాకా పట్టేదే టైమ్‌టేబుల్‌లో ఉంటుంది. ఆలస్యం కావచ్చని ముందే కొన్ని నిమిషాలు అందులో కలిపేస్తారు. పైగా పావుగంట లోపు ఆలస్యమైతే వేళకు వచ్చినట్టే లెక్క!

ఇక మన లెక్క చూద్దాం. మాడ్రిడ్ ఊళ్లోంచి అక్కడి బరాహాస్ విమానాశ్రయానికి అరగంట పైనే. కనీసం గంట ముందు అక్కడుండాలి. సెక్యూరిటీ దగ్గర బెల్టు తీసి, ట్యాబ్లెట్ తీసి, నీళ్ల సీసా పారేసి, అవతల మళ్లీ అన్నీ సర్దుకోవాలి. బార్సిలోనా విమానాశ్రయం ఎల్ ప్రాత్‌లో దిగాక సామాను కోసం నిలబడాలి, మళ్లీ ఊళ్లోకి అరగంట. మొత్తం దాదాపు నాలుగు గంటలు.

ఈ రెండు ఊళ్ల మధ్య 1974లో ఐబీరియా 'పుయెంతే ఆయెరియో' మొదలుపెట్టింది. అంటే గాలి వంతెన. ముందుగా సీటు బుక్ చేసుకునే పని లేకుండా వచ్చినవాళ్లను వచ్చినట్టు ఎక్కించుకునే సర్వీసు అది. దశాబ్దాలపాటు దానికి ఎదురు లేదు. 2008 ఫిబ్రవరిలో హైస్పీడ్ రైలు మార్గం బార్సిలోనా చేరింది. పట్టాల మీద దూరం 621 కిలోమీటర్లు, విమానం కన్నా వంద కిలోమీటర్లకు పైగా ఎక్కువ. అయినా రెండున్నర, మూడు గంటల్లో వెళ్లే ఆ రైలు మాడ్రిడ్ నడిబొడ్డున అతోచా స్టేషన్‌లో ఎక్కించుకుని, బార్సిలోనాలోనూ ఊళ్లోనే సాంట్స్ స్టేషన్‌లో దింపుతుంది. సామాను ఒకసారి ఎక్స్‌రే బెల్టు మీద పెడితే సరి. ఇప్పుడు విమానం కన్నా రైలెక్కేవాళ్లే ఎక్కువ. స్పెయిన్ జనం తమ సమయాన్ని తామే లెక్కేసుకున్నారు, సరిగ్గానే వేసుకున్నారు.

మాడ్రిడ్‌లో దిగి వెంటనే ఇంకో విమానం అందుకోవలసినవాళ్లకు విమానమే మేలు, కాదనను. కానీ పిల్లల దగ్గరికి ఐరోపా వెళ్లి, అక్కడి ఊళ్లు చూడాలనుకునే మన పెద్దవాళ్ల సంగతి వేరు. మోకాళ్ల నొప్పులతో టెర్మినళ్లలో నడవడం వాళ్లకు చిన్న విషయం కాదు. వాళ్లకు టికెట్లు కొనే పిల్లలకు నాదొక విన్నపం: ఫోన్‌లో కనిపించే విమాన సమయం చూసి నిర్ణయించకండి. ఇంటి గుమ్మం దాటిన దగ్గర్నుంచి హోటల్ గది చేరేదాకా ఎంతసేపో కాగితం మీద రాసి, అప్పుడు కొనండి.