చావు పద్దుకు తనిఖీ లేదా?

మా తిరునిన్రవూరులో హృదయాలీశ్వరుడి గుడి ఉంది. పూసలార్ నాయనారు చేతిలో చిల్లిగవ్వ లేక మనసులోనే శివుడికి గుడి కట్టాడనీ, కంచిలో రాతిగుడి కట్టించిన పల్లవరాజు కలలో కనబడి స్వామి 'ముందు అతని గుడికి పోవాలి' అన్నాడనీ కథ. గుండెజబ్బు మనుషులు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇక్కడ మొక్కుకుంటారు. మొక్కుకోనివ్వండి. నా గొడవ దేవుడితో కాదు, మొక్కుకున్న తరువాత రైలెక్కి చేరే ఆసుపత్రితో.

మా బావగారిది పళ్ళిపట్టు దగ్గర పల్లెటూరు. చక్కెరజబ్బు మనిషి. కాలిపుండు ముదిరితే 2023లో ఒక ప్రభుత్వాసుపత్రిలో చేర్చాం. పేరు చెప్పను. ఒక ఆసుపత్రిని తిట్టి చేతులు దులుపుకోవడానికి ఇది రాయడం లేదు. మూడోనాటి రాత్రి ఆయనకు చలిజ్వరం వచ్చింది, ఎగశ్వాస మొదలైంది. మా అక్క మూడుసార్లు నర్సమ్మ బల్ల దగ్గరికి పోయింది. 'కాలైల డాక్టర్ వరువారమ్మా' అన్నది జవాబు. తెల్లవారుజామున అయిదింటికి బావ పోయాడు. మరణపత్రంలో కారణం: గుండె, ఊపిరి ఆగిపోవడం. అయ్యా, చచ్చినవాడికి ఎవడికి గుండె ఆగలేదు? ప్రాణం పోయిన తీరు కాదు, దానికి కారణమైన జబ్బు రాయండి అని ఆ ఫారం మీదే అచ్చువేసి ఉంటుంది.

మంచానికి తగిలించిన చార్టు చూశాను. నాడి 80, 80, 80. జ్వరం ఏ గడిలోనూ లేదు. ఒకే సిరా, ఒకే వాలు. ముప్పయ్యేళ్ళు వోచర్లు తిరగేసిన కన్ను నాది, ఒక్క కూర్పున కూర్చుని నింపిన కాగితం తెలియదా? అయిదింటికి పోయిన మనిషికి ఆరుగంటల గడిలో కూడా నాడి 80 అని ఉంది.

ఆ నర్సమ్మ మీద నాకు కోపం లేదు. వార్డు నిండా మంచాలు, మంచాల మధ్య చాపలు, అందరికీ ఆమె ఒక్కతే. గడులు నింపకపోతే పొద్దున చీవాట్లు తప్పవు, రోగిని చూడకపోతే అడిగేవాడు లేడు. మరి ఆమె దేన్ని ఎంచుకుంటుంది? తప్పుడు పద్దు రాయక తప్పని స్థితి కల్పించినవాడు పై అంతస్తులో ఉంటాడు.

మా బ్యాంకులో సాయంత్రం నగదులో పది రూపాయలు తేడా వస్తే కేషియరు ఇంటికి పోడు. తేలనిది సస్పెన్సు ఖాతాలో కూర్చుంటుంది, ఆడిటరు వచ్చి గుచ్చి గుచ్చి అడుగుతాడు. పది రూపాయలకు ఉన్న ఈ మర్యాద ఒక మనిషి ప్రాణానికి లేదా?

ఇది మా ఇంటి ఏడుపు మాత్రమే అనుకోకండి. 2018లో లాన్సెట్ వైద్యపత్రిక ఒక లెక్క వేసింది. మంచి వైద్యం అందితే తప్పించగలిగిన చావులు మన దేశంలో 2016లో సుమారు 24 లక్షలు. అందులో వైద్యం అందుబాటులో లేక పోయినవారు 8 లక్షల పైచిల్లర. వైద్యం దొరికీ, దాని నాణ్యత బాగాలేక పోయినవారు దాదాపు 16 లక్షలు! ఇందులో ప్రైవేటు ఆసుపత్రుల వాటా కూడా ఉంది, నిజమే. కాని ఆసుపత్రి కడితే చాలు, శిలాఫలకం వేస్తే చాలు అనుకునే మన నాయకులకు ఈ లెక్క ఎవరు చదివి వినిపిస్తారు? 2022 జనవరిలో తమిళనాట ఒకేసారి 11 వైద్యకళాశాలలు ప్రారంభమయ్యాయి, మన తిరువళ్ళూరుది అందులో ఒకటి. సంతోషమే. గోడలు లేచాయి. రాత్రి రెండింటికి ఆ గోడల మధ్య మేలుకుని ఉండేది ఎందరు?

మన సరిహద్దువాళ్ళు కొందరు తిరుపతికి పోతారు, అక్కడైతే మన భాషని. 2021 మే 10 రాత్రి అక్కడి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయి 11 మంది కరోనా రోగులు చనిపోయారు. తమిళనాడు నుంచి రావలసిన ట్యాంకరు ఆలస్యమైందన్నారు, అంతరాయం అయిదు నిమిషాలేనన్నారు. అయిదు నిమిషాలు! 2023 ఆగస్టులో మహారాష్ట్రలోని ఠాణే దగ్గర కల్వా ఆసుపత్రిలో 24 గంటల్లో 18 మంది పోయారు. ఒక్కరోజులో పోతే వార్త. రోజుకొకరు చొప్పున పోతే? అది వార్డు మామూలు.

తమిళనాడును నిందించడం సులువు, న్యాయం కాదు. మందుల కొనుగోలుకు 1994లోనే కార్పొరేషను పెట్టిన రాష్ట్రం ఇది. గర్భిణులు, బాలింతలు చనిపోతే ప్రతి మరణాన్నీ విచారించే పద్ధతి ఇక్కడ 1990లలోనే మొదలైంది. లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2001-03లో 134, 2018-20 నాటికి 54. లెక్క అడగడం ఒక్కటే కారణమనను. కాని లెక్క అడగనిచోట ఏ అంకే తగ్గదని మాత్రం ఖాతాలు రాసినవాడిగా చెప్పగలను. నా ప్రశ్న ఒక్కటే. బాలింత చావుకు విచారణ ఉన్నప్పుడు ఆమె మొగుడి చావుకు, మామ చావుకు ఎందుకు లేదు?

విచారణ పెడితే డాక్టర్లు భయపడతారని ఒక వాదన. విచారణ లేకపోతే ఏమవుతుందో చూశాం. 2024 నవంబరులో చెన్నై గిండీ ప్రభుత్వాసుపత్రిలో ఒక రోగి కొడుకు, తల్లికి సరైన వైద్యం చేయలేదంటూ డాక్టరును కత్తితో పొడిచాడు. అది నేరం, సందేహం లేదు. కాని నోటితో అడిగే చోటు లేనప్పుడు కొందరు కత్తితో అడుగుతారు. విచారణ డాక్టరుకూ రక్షణే. ఇంగ్లండులో స్టాఫర్డ్ ఆసుపత్రి అలక్ష్యంపై బహిరంగ విచారణ జరిపి 2013లో 290 సిఫారసులతో నివేదిక అచ్చువేశారు. దానితో వాళ్ళ ప్రభుత్వ వైద్యం పరువేమీ పోలేదు.

ఇక మన భాష సంగతి. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఆ పాత తగవు తవ్వడం లేదు. తమిళం మనకు అంగడిలో వచ్చు, ఆఫీసులో వచ్చు. ఆపదలో మాత్రం మా అక్క నోట వచ్చింది ఇంటి మాటే. సంతకం పెట్టించుకున్న కాగితం ఇంగ్లీషు, చెప్పిన మాట తమిళం, అర్థం కాని ఏడుపు తెలుగు. 'ఎగశ్వాస' అన్న మాట ఆ బల్ల దగ్గర ఎవరికి తెలిసింది?

కాబట్టి అడుగుదాం. ఆసుపత్రిలో జరిగే ప్రతి మరణాన్నీ ఆ వార్డుతో సంబంధం లేని డాక్టరు ఒకరు తనిఖీ చేయాలి. కుటుంబానికి చదవగలిగిన భాషలో రెండు పేజీల వివరం ఇవ్వాలి. రాత్రివేళ ఎన్ని మంచాలకు ఎందరు నర్సులో గోడ మీద రాయాలి. ఏడాదికొకసారి ఆ లెక్కలు అచ్చువేయాలి. ఇవి కోట్ల రూపాయల కోరికలు కావు.

మన తెలుగు సంఘాలు ఉగాదికి కవిసమ్మేళనం పెడతాయి, సన్మానాలు చేస్తాయి. చేయండి. కాని ఈసారి సభ తీర్మానాల్లో ఇది కూడా ఒకటి చేర్చండి. ఆ చార్టు నకలు నా దగ్గరుంది. అడిగి తీసుకున్నాను, రుసుము కట్టాను, రసీదు ఉంది. ఆరుగంటల గడి జవాబు కోసం ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.