తాలింపు లేని వంటిళ్లు

పింటరెస్ట్‌లో తలుపుల్లేని వంటింటి అరలు ఎన్నో కనిపిస్తాయి, గాజు సీసాలు తళతళలాడుతూ. మా వంటింట్లో అలాంటి అర ఒకటుంది. దాని మీది సీసా మూత తీయబోతే తాలింపు జిడ్డు వేలికి బంకలా అంటుకుంటుంది. పింటరెస్ట్ మాత్రం మనం మెచ్చిన బొమ్మను పోలినవే మళ్లీ మళ్లీ ముందుంచుతుంది. మన ఇష్టం దానికి తెలుసు, మన పొయ్యి సంగతి తెలియదు. అది మనమే చెప్పుకోవాలి. అందుకే బొమ్మలు దాచుకునే ముందు ఒక వారం మీ ఇంటినే చూడమంటాను. పొద్దుటెండ ఏ గోడ మీద పడుతోంది? అమ్మ ఏ గుమ్మం దగ్గర కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది? పిల్లలు పుస్తకాల సంచి ఎక్కడ పడేస్తున్నారు? ఆ గుమ్మం పక్కన ఒక మంచి దీపం, ఆ సంచికి ఒక కొక్కెం: నా లెక్కలో ఇంటి అలంకరణ అక్కడే మొదలవ్వాలి.